మంచు కింద క్రాపీ బెట్టు చేస్తుంటే: ఎర ముట్టించే పద్ధతి, వరసగా

“అన్నా, ఫ్లాషర్‌లో చేప కనిపిస్తోంది. ఎర దాకా వస్తోంది, చూస్తోంది, వెళ్ళిపోతోంది. ఏం చేయను?” అమెరికాలోని మిన్నెసోటాలో సరస్సులు గడ్డకట్టాక నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే. చాలామంది ఐస్ మీద నిలబడే చేస్తారు. గాలి హోరులో సగం మాటలు వినపడవు. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. వాళ్ళు చెప్పే చేప క్రాపీ, ఇక్కడి సరస్సుల్లో దొరికే మంచినీటి చేప. ఫ్లాషర్ అంటే కింద లోతుని, చేపల్ని, మన ఎరని గీతలుగా చూపించే సోనార్ పరికరం.

చేప ముట్టకపోతే మనం చేసే మొదటి పని డబ్బా తెరిచి జిగ్, అంటే తలకి బరువున్న చిన్న గాలపు ముల్లు, దాని రంగు మార్చడం. రంగు చివర్లో చూసుకోవాల్సిన విషయం. ముందు చప్పుడు, తర్వాత ఎత్తు, తర్వాత కదలిక, దారం మెలిక, ఆ తర్వాత సైజు, ఎర, రంగు. ఈ వరసలో వెళ్ళండి, ఒక్కసారికి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, తర్వాతి చేపకి మళ్ళీ మొదటికొస్తాం.

ఇదంతా డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా, 20 నుంచి 35 అడుగుల లోతున్న చోట, అడుక్కి కొంచెం పైన గుంపుగా తేలుతూ ఉండే చేపల కోసం. ఐస్ కొత్తగా పట్టిన రోజుల్లో పచ్చి నాచు అంచున 8–14 అడుగుల్లో దొరికే క్రాపీ సాధారణంగా ఇంత బెట్టు చేయదు.

## 1. ఐస్ మీద అడుగు పెట్టే ముందు

గడ్డకట్టిన నీళ్ళ మీద నడవడం మనలో చాలామందికి ఈ దేశం వచ్చాకే అలవాటైంది. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు చూసి చెప్పేది మనం కొలిచి తెలుసుకోవాలి.

మిన్నెసోటా సహజవనరుల శాఖ, అంటే అందరూ డీఎన్ఆర్ అని పిలిచేది, చెప్పే లెక్క ఇది: నడవడానికి కనీసం 4 అంగుళాల కొత్త, స్వచ్ఛమైన ఐస్ ఉండాలి. పాలలా తెల్లగా కనిపించే ఐస్‌కి అందులో సగం బలమే ఉంటుంది కాబట్టి మందం రెట్టింపు చూసుకోవాలి. ఒక చోట 6 అంగుళాలు ఉందని పది గజాల అవతల కూడా అంతే ఉంటుందనుకోవద్దు. వాగు వచ్చి కలిసే చోటు, వంతెన కింద, నీళ్ళలోకి గాలి కొట్టే పంపులు పెట్టిన చోటు, వీటి దరిదాపులకి పోవద్దు.

బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి:

- గునపం. ఇక్కడ స్పడ్ బార్ అని అమ్ముతారు. రెండు మూడు అడుగులకోసారి ముందు గట్టిగా పొడవండి. ఒక్క పోటుకి నీళ్ళు ఊరితే వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వచ్చేయండి.
- లైఫ్ జాకెట్, కోటు మీద వేసుకునేలా.
- మెడలో ఐస్ పిక్స్, అంటే నీళ్ళలో పడితే ఐస్‌కి గుచ్చి పైకి పాకడానికి మేకులున్న పిడులు. సంచిలో ఉంటే అవసరానికి చేతికి అందవు.
- బూట్ల కింద ముళ్ళ పట్టీలు, ఒక తాడు.
- టెంట్‌లో గ్యాస్ హీటర్ పెడితే గాలి కిటికీలు తెరిచి ఉంచడం, కార్బన్ మోనాక్సైడ్ అలారం. ఆ వాయువుకి వాసన ఉండదు.
- ఏ సరస్సు, ఏ వైపు, ఎన్నింటికి తిరిగొస్తారు అన్నది ఇంట్లో చెప్పి వెళ్ళడం.
- లైసెన్స్. మిన్నెసోటాలో 16 ఏళ్ళు నిండినవాళ్ళకి ఉండాల్సిందే. దాని ఏడాది మార్చి 1న మొదలై ఫిబ్రవరి చివరితో ముగుస్తుంది.

ఈ రాష్ట్రంలో చలికాలం ఐస్ మీద ఒక మనిషి రెండు గాలాలు వేసుకోవచ్చు. క్రాపీ మామూలుగా మనిషికి 10. కొన్ని సరస్సుల్లో ఇంకా తక్కువ, కాబట్టి వెళ్ళే సరస్సు పేరుతో నిబంధనలు చూసుకోండి. విస్కాన్సిన్, మిషిగన్, డకోటాల్లో లెక్కలు వేరు.

## 2. సామాను: సన్నగా, చిన్నగా, కానీ బరువుగా

కర్ర 26–32 అంగుళాలది, కొస మెత్తగా వంగేది చాలు. కొసకి స్ప్రింగ్ బాబర్ పెట్టండి. సన్నటి రేకులాంటి ఆ తీగ, చేతికి తెలియని ముట్టుడుని కంటికి చూపిస్తుంది.

దారం 2 లేదా 3 పౌండ్ల బరువుకి తెగేది. ఇంటి దగ్గర చెరువులో బొచ్చె, రవ్వ పట్టిన అలవాటుతో లావు దారం కొంటారు. క్రాపీకి అంత బలం అక్కర్లేదు. లావు దారం చలికి చుట్టలు చుట్టలుగా బిగుసుకుపోయి చిన్న జిగ్‌ని నిటారుగా దిగనివ్వదు.

జిగ్‌లు టంగ్‌స్టన్‌వి కొనండి: 3, 4, 5 ఎంఎం, మూడు సైజులూ ఉండాలి. టంగ్‌స్టన్ సీసం కంటే దాదాపు 1.7 రెట్లు సాంద్రమైనది. అందుకే కందిగింజంత జిగ్ కూడా దారాన్ని బిగువుగా లాగి పట్టుకుంటుంది, 25 అడుగులు త్వరగా దిగుతుంది, ఫ్లాషర్‌లో కనిపిస్తుంది. వీటితోపాటు దూరం నుంచి చేపని పిలవడానికి 1/16 లేదా 1/8 ఔన్సు మెరిసే స్పూన్, అంటే రేకు ఎర, ఒకటి.

ఎరకి మూడు రకాలు ఉంటే సరిపోతుంది. బియ్యప్పురుగుకి పెద్దన్నలా తెల్లగా ఉండే వ్యాక్స్‌వర్మ్. స్పైక్స్ పేరుతో అమ్మే ఈగ పురుగులు. చిన్న మిన్నో చేపపిల్లలు. పురుగుల డబ్బా కోటు లోపలి జేబులో పెట్టుకోండి. బయట బకెట్ మీద పెడితే గడ్డకట్టి నల్లబడతాయి, చితికిన పురుగు ముళ్ళకి నిలవదు.

ఐస్‌కి రంధ్రం చేసే పెద్ద బర్మాని ఆగర్ అంటారు. 6 లేదా 8 అంగుళాలది చాలు. రంధ్రంలో తేలే ఐస్ ముక్కలు తీయడానికి చిల్లుల గరిటె ఒకటి, మన ఇళ్ళలో గారెలు తీసేలాంటిదే.

ముడి గురించి కొంచెం ఆగి చెప్పాలి. జిగ్‌కి ముడి వేశాక దాన్ని కళ్ళ ఎదురుగా వేలాడదీసి చూడండి. నీళ్ళలో అది నేలకి సమాంతరంగా, ఈదుతున్న పురుగులా అడ్డంగా ఉండాలి. ముడి కన్నంలో ముందుకి జారితే తోక కిందికి వేలాడుతుంది. వెనక్కి జారితే తల కిందులవుతుంది. గోటితో ముడిని కొంచెం పైకి నెట్టండి, జిగ్ తిన్నగా అవుతుంది. ఒక చేప పట్టగానే ముడి మళ్ళీ జరుగుతుంది. ఆకలి మీద ఉన్న చేప ఇది పట్టించుకోదు. బెట్టు చేసే చేప దీని ఒక్కదాని వల్లే వెనక్కి పోవడం నేను కెమెరాలో చూశాను. ప్రతి చేప తర్వాత ముడి సరిచేయండి, మూడు నాలుగు చేపలకోసారి కొత్తగా వేయండి.

## 3. రంధ్రాలన్నీ ముందే

డీఎన్ఆర్ లేక్‌ఫైండర్ సైట్‌లో చాలా సరస్సుల లోతు మ్యాపులు ఉన్నాయి. అందులో గిన్నెలా దిగిన 20–35 అడుగుల గుంట చూసుకోండి. నాచు ఉన్న ఒడ్డు నుంచి ఆ గుంటలోకి వాలు ఎక్కడ దిగుతుందో అక్కడ మొదలుపెట్టండి.

1. వాలు పై నుంచి గుంట మధ్య దాకా 15–20 అడుగులకి ఒకటి చొప్పున 10–15 రంధ్రాలు ఒకేసారి వేసేయండి.
2. చిల్లుల గరిటెతో అన్నీ శుభ్రం చేయండి.
3. ఆగర్ పక్కన పెట్టి 15–20 నిమిషాలు ఆగండి. టెంట్ వేసుకోవడం, టీ తాగడం, జిగ్‌లు కట్టుకోవడం ఈ సమయంలోనే.
4. తర్వాత మొదటి రంధ్రం నుంచి ఫ్లాషర్‌తో చూసుకుంటూ పోండి. గాలం వేయడం చేప కనిపించిన చోట మాత్రమే.

ఒక్క రంధ్రం వేసి కూర్చుని, చేప రాకపోతే పక్కనే ఇంకొకటి వేయడం వల్ల గుంపు మొత్తం చెదిరిపోతుంది. ఐస్ మంచి చప్పుడు మోసేది. బకెట్ ఈడ్చినా, బూటు కాలు నేలకేసి కొట్టినా కిందికి వినిపిస్తుంది. పిల్లలు వెంట వస్తే పరుగులాటకి వంద గజాల అవతల చోటు చూపించండి. వాళ్ళని తీసుకురావడం మాత్రం మానొద్దు.

ఐస్ స్వచ్ఛంగా ఉంటే రంధ్రం వేయకుండానే చూడొచ్చు. స్నో పక్కకి తోసి, కొన్ని నీళ్ళు పోసి, ట్రాన్స్‌డ్యూసర్‌ని, అంటే ఫ్లాషర్ నుంచి నీళ్ళలోకి వేలాడే భాగాన్ని, ఆ తడి మీద ఆనించండి. లోతు, కొన్నిసార్లు చేప కూడా కనిపిస్తాయి.

## 4. గాలం మార్చే ముందు ఫ్లాషర్ చదవండి

అసలు పని ఇక్కడే ఉంది. చేప ఏం చేస్తోందో మనకి చెప్పేది ఆ గీతలే.

ముందు గెయిన్, అంటే ఫ్లాషర్ సున్నితత్వం, సరిచేసుకోండి. మీ జిగ్ సన్నటి గీతలా మాత్రమే కనిపించేంత వరకు తగ్గించండి. గెయిన్ ఎక్కువ పెడితే అంతా ఎర్రగా నిండిపోయి చేప గీత, జిగ్ గీత కలిసిపోతాయి.

ఇంకొకటి గుర్తుంచుకోండి. 20 డిగ్రీల కోన్ ఉన్న ట్రాన్స్‌డ్యూసర్ 25 అడుగుల లోతులో దాదాపు 9 అడుగుల వెడల్పు చూస్తుంది. గీత లేతగా ఉంటే చేప ఆ వలయం అంచున ఉన్నట్టు. పక్కన ఉన్న చేపకి దూరం ఎక్కువ కాబట్టి ఫ్లాషర్ దాన్ని ఉన్నదానికంటే కొన్ని అంగుళాలు కిందుగా చూపిస్తుంది. గీత ముదిరి, లావై, ఎర్రబడితే చేప నేరుగా మీ రంధ్రం కిందికి వస్తోంది.

బెట్టు నాలుగు రకాలు:

- క. చేప ఉంది, కానీ ఎర వైపు కదలదు.
- ఖ. ఒకటి రెండు అడుగులు లేస్తుంది, మళ్ళీ దిగిపోతుంది.
- గ. ఎర దాకా వచ్చి ఆగి చూస్తుంది, ముట్టదు.
- ఘ. ముడుతుంది, కానీ ముళ్ళకి పడదు.

ఫోన్ చేసినవాళ్ళని నేను మొదట అడిగేది ఇదే: నాలుగింట్లో ఏది? ‘క’ అయితే ఎత్తు, చప్పుడు. ‘ఖ’ అయితే కదలిక. ‘గ’ అయితే దారం మెలిక, సైజు, ఎర. ‘ఘ’ అయితే 6వ భాగం చూడండి.

## 5. మార్చే వరస

ప్రతి మెట్టుకి ఐదు నిమిషాలు, లేదా రెండు చేపలు వచ్చి కాదని పోయేదాకా సమయం ఇవ్వండి. పని చేస్తే అక్కడే ఆగిపోండి.

### 5.1 ఎత్తు

క్రాపీ కళ్ళు తలలో పైకి ఉంటాయి. కింద నుంచి పైకి చూసి తింటుంది. ఎర దాని కిందికి పోయిందంటే లేనట్టే. పైగా మీద నుంచి జారిపడే వస్తువుని చూసి గుంపు బెదురుతుంది.

చేప 19 అడుగుల దగ్గర ఉంటే జిగ్‌ని 16 దగ్గర ఆపండి. దించేటప్పుడు చివరి ఐదారడుగులు రీల్ మీద బొటనవేలు పెట్టి మెల్లగా వదలండి. రాకపోతే 17, తర్వాత 18. అంతకంటే దగ్గరికి పోవద్దు. గుంపులో అందరికంటే పైన ఉన్న చేపకే వేయండి. కింది వాటి కోసం దింపితే పైది పారిపోతుంది, వెనకే గుంపూ పోతుంది.

### 5.2 కదలిక

చేప దూరంగా ఉన్నప్పుడు ఒక పద్ధతి, దగ్గరికి వచ్చాక ఇంకో పద్ధతి.

దూరంగా ఉంటే స్పూన్‌తో అడుగు ఎత్తు రెండు మూడుసార్లు ఎత్తి వదలండి, ఆగండి. గీత కనిపించగానే ఎత్తడం ఆపేయండి. అక్కడి నుంచి మణికట్టు కదలకూడదు. కర్రని పట్టుకున్న వేళ్ళు చలికి వణికినంత కదలిక చాలు.

చేప లేవడం మొదలుపెట్టాక అదే వణుకు ఉంచుతూ జిగ్‌ని అంగుళం అంగుళం పైకి తీసుకోండి. పసిపిల్లాడికి బిస్కెట్ చూపిస్తూ నాలుగు అడుగులు వేయించినట్టు. అడుగు, అడుగున్నర వెంట వచ్చిన చేప చాలాసార్లు ముట్టి తీరుతుంది. అది ఆగితే మీరూ ఆగండి. మనసులో పది దాకా లెక్కపెట్టండి. దిగిపోతే వెంట దించొద్దు, ఇంకో అడుగు పైకి లాగి అక్కడి నుంచి మళ్ళీ వణికించండి. పారిపోతున్న తిండి కోసం తిరిగి వచ్చే చేపలు చాలానే ఉంటాయి.

ఇవేవీ పనిచేయకపోతే అసలు కదపకండి. ఇది మనకి అన్నింటికంటే కష్టం. పోయిన ఏడాది జనవరిలో మా బావని తీసుకెళ్ళాను. గంటసేపు ఆయన జిగ్ ఆడిస్తూనే ఉన్నారు, గీతలు వస్తున్నాయి, పోతున్నాయి. విసుగొచ్చి కర్రని స్టాండులో పెట్టి ఫ్లాస్కు మూత తిప్పుతున్నారు. నేను ఫ్లాషర్ వైపు చూస్తున్నాను. పోయిన గీత తిరిగొచ్చి జిగ్ గీతని ఆనుకుంది. మూడు, నాలుగు సెకన్లు అలాగే ఉంది. స్ప్రింగ్ బాబర్ వంగలేదు, వెంట్రుకవాసి పైకి లేచింది. “బావా, గాలం!” అన్నాను. టీ కప్పు ఐస్ మీద పడింది, 11 అంగుళాల క్రాపీ పైకొచ్చింది. ఆ సాయంత్రం మిగిలిన చేపలన్నీ కర్ర స్టాండులో ఉండగానే పడ్డాయి.

### 5.3 దారం మెలిక

‘గ’ రకం బెట్టుకి ఇదే పెద్ద కారణం, ఎక్కువమంది చూసుకోనిదీ ఇదే. మామూలు స్పిన్నింగ్ రీల్ నుంచి దారం చుట్టలుగా ఊడి వస్తూ మెలి తిరుగుతుంది. కింద జిగ్ బొంగరంలా నెమ్మదిగా తిరుగుతూనే ఉంటుంది. ఏ పురుగూ నీళ్ళలో అలా తిరగదు.

జిగ్‌ని రంధ్రంలో ఒక అడుగు లోతున ఆపి చూడండి. తిరుగుతుంటే ఆగేదాకా అలాగే వదిలేసి, తర్వాత దించండి. కింద చేప చూస్తున్నప్పుడు కర్ర పైన దారాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య మెత్తగా పట్టుకుంటే తిరగడం తగ్గుతుంది. శాశ్వత మందు మాత్రం ఇన్‌లైన్ రీల్. అందులో దారం తిన్నగా ఊడుతుంది.

### 5.4 సైజు

5 ఎంఎం నుంచి 4కి, 4 నుంచి 3కి. శీతాకాలం నడిమధ్యలో క్రాపీ తినేది చాలావరకు నీళ్ళలో తేలే సూక్ష్మజీవుల్ని, దోమజాతి పురుగుల లార్వాల్ని. దాని నోటి ముందు ఈ రోజు తిరిగేది ఆవగింజ సైజు తిండి. మనం వేలెడంత ప్లాస్టిక్ తోక వేలాడదీస్తే భయపడడంలో వింత లేదు.

3 ఎంఎం జిగ్ 30 అడుగులు దిగడానికి సమయం తీసుకుంటుంది. ఓపిక పట్టండి. గాలి ఎక్కువగా ఉంటే టెంట్ లేకుండా దీన్ని వాడడం కష్టం.

### 5.5 ఎర

వ్యాక్స్‌వర్మ్ తీసేసి ఒక్క స్పైక్ పెట్టండి. లావు చివర తోలులో ముల్లు కొంచెమే దూర్చితే మిగతా ఒళ్ళంతా వేలాడుతూ కదులుతుంది. మధ్యలో గుచ్చితే రసం కారి చస్తుంది. పాలిపోయి ఖాళీ తోలులా కనిపించగానే మార్చండి. రెండు చేపలు వచ్చి వాసన చూసి పోయాయంటే ముందు కొత్త పురుగు పెట్టి చూడడం మంచిది.

### 5.6 రంగు

ఇప్పుడు రంగు. పట్టపగలు, స్వచ్ఛమైన నీళ్ళలో నలుపు, ముదురు ఎరుపు, గోధుమ లాంటి మెరుపు తక్కువ రంగులు. మునిమాపున, మసక నీళ్ళలో గులాబీ, చిలకాకుపచ్చ, తెలుపు. చీకట్లో మెరిసే గ్లో జిగ్‌లకి యూవీ టార్చ్ రెండు సెకన్లు చూపిస్తే చాలు. బల్బులా వెలిగేదాకా చూపిస్తే చేప మూడడుగుల అవతలే ఆగిపోతుంది. అలా ఆగితే ఒక నిమిషం పైన ఉంచి, వెలుగు తగ్గాక దించండి.

### 5.7 రెండో గాలం, కదపకుండా

నాలుగైదు అడుగుల దూరంలో ఇంకో రంధ్రంలో మిన్నో వేయండి. 8 లేదా 10 నంబరు సన్నటి ముల్లు, వీపు రెక్క కింద తోలులో గుచ్చాలి. వెన్ను తగలకూడదు, తగిలితే వెంటనే చస్తుంది. ముల్లుకి 12 అంగుళాల పైన చిన్న సీసపు గుండు. పైన బెండు కూడా చిన్నదే ఉండాలి. మిన్నో బరువుకి మునిగీ మునగనట్టు తేలాలి, అప్పుడే చేప లాగినప్పుడు బరువు తెలియదు.

మిన్నో మరీ గింజుకుంటుంటే తోక కొస కొంచెం కత్తిరించండి, నెమ్మదిస్తుంది. జిగ్ చేపని పిలుస్తుంది, వచ్చిన చేప కదలని మిన్నోని తింటుంది. మబ్బులు విడిపోయి, ఎండ కాసి, చలి గడ్డకట్టించే రోజున, అంటే కోల్డ్ ఫ్రంట్ దాటిన మర్నాడు, నాకు ఎక్కువ చేపలు ఇలాగే పడతాయి.

### 5.8 లేచి వెళ్ళడం

ఇన్ని మెట్లూ అయినా ముట్టకపోతే ఆ రంధ్రాన్ని వదిలేయండి. గుంపు మొత్తం ఒకే మూడ్‌లో ఉండదు. అరగంట తర్వాత తిరిగి రండి, అదే జిగ్‌కి పడొచ్చు. వేళ కూడా చూసుకోండి. డిసెంబర్ చివర్లో ఇక్కడ సూర్యుడు సాయంత్రం నాలుగున్నర దాటగానే కుంకుతాడు. అంతకు గంట ముందు, తర్వాత గంట, చేప లేచే సమయం అదే. మధ్యాహ్నం రంధ్రాలు వేసి చేప ఉన్న చోటు చూసి పెట్టుకుని, మూడున్నరకల్లా కదలకుండా కూర్చునేలా చూసుకోండి.

## 6. ముట్టినప్పుడు

క్రాపీ కిందికి లాగుతుందని ఎదురుచూస్తే సగం చేపలు పోతాయి. అది కింద నుంచి వచ్చి ఎరని నోట్లోకి పీల్చుకుని పైకే పోతుంది. జిగ్ బరువు పోయి స్ప్రింగ్ బాబర్ లేస్తుంది, లేదా దారం ఒక్కసారిగా వదులవుతుంది. బెండు మునగకుండా పక్కకి వాలిపోవచ్చు.

- తేడా కనిపిస్తే కర్రని మెల్లగా, మోచేయి ఎత్తు లేపండి. కుదుపొద్దు. క్రాపీ పెదవులు కాగితంలా పల్చగా ఉంటాయి. ఇక్కడివాళ్ళు దాన్ని పేపర్ మౌత్ అనేది అందుకే.
- బరువు తగిలాక ఒకే వేగంతో చుట్టండి. మధ్యలో ఆగితే చిరిగిన కన్నంలోంచి ముల్లు జారిపోతుంది.
- ఐస్ అంచు దగ్గర తలని ముందు రంధ్రంలోకి తిప్పండి. చెయ్యి రంధ్రంలో పెట్టి కింద నుంచి తీసుకోండి, గాల్లో వేలాడదీయొద్దు.
- ముట్టి వదిలేస్తుంటే ముల్లు కొన గోటి మీద గీసి చూడండి. జారిపోతే మొద్దుబారినట్టే, జిగ్ మార్చండి. పురుగు తోక ముల్లుని దాటి పొడుగ్గా వేలాడుతుంటే చిన్నది పెట్టండి.

ఒక చేపని తీశాక సామాను సర్దుకుంటూ కూర్చోవద్దు. గుంపు ఇంకా అక్కడే ఉంది, రెండు మూడు నిమిషాలే ఉండొచ్చు. చేపని బకెట్‌లో వేసి, ముడి సరిచేసి, వెంటనే దించండి.

## 7. తరచూ చూసే తప్పులు

నిన్న 22 అడుగుల్లో పడ్డాయని ఈ రోజూ నేరుగా 22కి దించడం. ముందు ఫ్లాషర్ చూడండి. గుంటల్లో తేలే చేప రోజుకో ఎత్తున ఉంటుంది, సాయంత్రానికి ఇంకా పైకొస్తుంది. ఫిబ్రవరిలో అడుగున ఆక్సిజన్ తగ్గిన సరస్సుల్లో అడుగు ఖాళీ అయ్యి చేపలన్నీ పై సగంలోకి చేరతాయి.

జిగ్ గీత కనిపించడం లేదని గెయిన్ పెంచుకుంటూ పోవడం. దారం గాలికో ప్రవాహానికో పక్కకి పోయి ఉంటుంది. కొంచెం బరువైన జిగ్ వేయండి, లేదా ట్రాన్స్‌డ్యూసర్ తిన్నగా వేలాడుతోందా చూడండి.

కర్ర కొస మీద, కన్నాల్లో గడ్డకట్టిన ఐస్. దాన్ని నోట్లో పెట్టుకుని కరిగించేవాళ్ళు ఉన్నారు, పెదవి లోహానికి అతుక్కుంటుంది. అరచేతిలో పట్టుకోండి చాలు. బలవంతంగా గీకితే స్ప్రింగ్ బాబర్ వంగిపోతుంది.

లోతు తక్కువ చోట రంధ్రంలోంచి టెంట్ లైటు కింద పడనివ్వడం. 10 అడుగుల్లో చేప పడుతున్న రోజున రంధ్రం చుట్టూ స్నో ఉంచేయండి. 30 అడుగుల్లో దీని గురించి టెన్షన్ అక్కర్లేదు.

## 8. లోతు చేపని పట్టి వదలడం గురించి

ఇది తప్పకుండా చదవండి. 25–30 అడుగుల నుంచి పైకి తెచ్చిన క్రాపీ ఒంట్లోని గాలి సంచి, నీటి ఒత్తిడి తగ్గేసరికి ఉబ్బిపోతుంది. ఆ గాలిని అది త్వరగా బయటికి వదల్లేదు. కొన్నిసార్లు పొట్ట నోట్లోకి వచ్చేస్తుంది. అలాంటిదాన్ని రంధ్రంలోకి వదిలితే ఈదుతూ పోయినట్టే కనిపిస్తుంది, కానీ చాలావాటికి బతికే అవకాశం తక్కువ. చిన్నవి వదిలి పెద్దవి ఏరుకోవడం లోతులో పనికిరాదు. అక్కడ పడినవి ఉంచుకోండి, ఇంటికి ఎన్ని కావాలో అన్ని రాగానే ఆపేయండి. సరదాగా పట్టి వదలాలంటే 15 అడుగుల లోపు చోటు చూసుకోండి.

మిగిలిన మిన్నోలని సరస్సులో పోయొద్దు, చెత్తలో వేయాలి. బకెట్‌లో సరస్సు నీళ్ళు ఉంటే అక్కడే పారబోయండి. ఇవి రెండూ చట్టం చెప్పేవే.

క్రాపీ కండ మెత్తన. పులుసులో పెడితే విడిపోతుంది. పసుపు, కారం, ఉప్పు, అల్లం వెల్లుల్లి, కొంచెం బియ్యప్పిండి పట్టించి పెనం మీద వేయించండి. ఎంత తినొచ్చో సరస్సుని బట్టి మిన్నెసోటా ఆరోగ్య శాఖ సూచనలు ఇస్తుంది. గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో అవి చూసుకుని వండండి.

కారు ఎక్కే ముందు, చేతులు వేడెక్కాక, ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసుకోండి. నాది ఇలా ఉంటుంది:

*జనవరి 18. నిన్న ఫ్రంట్ దాటింది, ఆకాశం స్వచ్ఛం. లోతు 27. చేప 19–21. బెట్టు ‘గ’. 4 ఎంఎం గులాబీకి ఏమీ లేదు. 3 ఎంఎం నలుపు, ఒక స్పైక్, 17 దగ్గర కదపకుండా. మొదటిది 4:40కి. ఆరు పడ్డాయి, మిన్నోకి రెండు. 5:30కి ఆగిపోయాయి. మూడో రంధ్రం, వాలు కింద.*